కష్టానికీ నామినేషన్‌కీ మధ్య ఏం జరిగింది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. నేను కాస్త గబగబా మాట్లాడతాను, ఎక్కడైనా అర్థం కాకపోతే చెయ్యెత్తి ఆపండి, ఏమీ అనుకోను.

నాకిచ్చిన విషయం "రాజకీయ అభ్యర్థి వ్యక్తిగత నేపథ్యం, ప్రజాసేవలోకి వచ్చిన దారి". దీని మీద మాట్లాడే అర్హత నాకేమైనా ఉందంటే అది ఒక్కటే, పద్నాలుగేళ్ళపాటు అభ్యర్థుల పరిచయ కరపత్రాలు రాశాను. ఏ పార్టీ అని అడగకండి, ఒకటి కాదు. మనిషి ఎదురుగా కూర్చుని మీ చిన్నప్పుడు ఏం జరిగింది, అమ్మానాన్నలు ఏం చేసేవారు, జనంలోకి రావాలని ఎప్పుడనిపించింది అని గంటలకొద్దీ అడిగి, ఆ జీవితమంతా ఒక్క కాగితంలోకి కుదించడం నా పని. ఆ పని చేయగా చేయగా నాకు ఒక సంగతి తలకెక్కింది. అభ్యర్థి కథలో మనం చెవులు రిక్కించి వినేది రెండే ఘట్టాలు, చిన్నప్పుడు పడిన కష్టం ఒకటి, నామినేషన్ వేసిన రోజు ఒకటి. ఆ మనిషి ఎలాంటివాడో తెలిసేదేమో ఆ రెండింటికీ మధ్య ఉన్న ఏళ్ళలో. ఆ ఏళ్ళ గురించి వాళ్ళు చెప్పరు, మనం అడగం. నేనైతే రాయలేదు కూడా.

ఎలా రాయలేదో చెబుతాను. ఒకాయన, పేరు అనవసరం, చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి కూలికి వెళ్ళి చదివించింది. కరపత్రంలో "వీధి దీపం కింద చదువుకున్నారు" అని రాశాను. ఆ వీధి దీపం నేను పెట్టిందే, ఆయన ఆ మాట చెప్పలేదు. కాగితం చూసి ఆయన ఒక్క క్షణం ఆగాడు, ఏమీ అనలేదు, నేనూ తీసెయ్యలేదు. సభలో ఆ వాక్యం చదువుతుంటే ముందు వరసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆవిడ కన్నీళ్ళు నిజం, నేను రాసింది అబద్ధం. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆయన పదకొండేళ్ళపాటు ప్రతి ఆదివారం ముసలివాళ్ళకీ వితంతువులకీ పింఛను దరఖాస్తులు నింపిపెట్టేవాడు, తిరస్కరించినవాటికి మళ్ళీ మళ్ళీ అప్పీళ్ళు రాసేవాడు, ఏ కాగితం లేకపోతే ఏ కిటికీ దగ్గర ఆపేస్తారో ఆయనకి కంఠతా వచ్చు. అది నేను "అనేక సేవా కార్యక్రమాలు నిర్వహించారు" అని నాలుగు ముక్కల్లో తేల్చేశాను. ఉన్నదాన్ని చెరిపేసి లేనిదాన్ని అతికించాను.

కష్టాల కథ అబద్ధమైనా ఓట్లు తెస్తుంది, అదేమీ ఇప్పుడు పుట్టిన విద్య కాదు. 1840లో అమెరికా అధ్యక్ష పదవికి విలియం హెన్రీ హారిసన్ పోటీ చేశాడు. అవతలి పార్టీ పత్రిక ఒకటి, ఈ ముసలాయనకి కాస్త పింఛను, ఒక పీపాడు పులిసిన ఆపిల్ రసం ఇస్తే దుంగల గుడిసెలో కూర్చుని కాలం గడిపేస్తాడని వెటకారం చేసింది. హారిసన్ మనుషులు ఆ వెటకారాన్నే జెండాగా ఎత్తుకున్నారు. ఊరేగింపుల్లో బళ్ళ మీద దుంగల గుడిసెలు కట్టి తిప్పారు, మా మనిషి గుడిసె మనిషి అన్నారు. అసలు ఆయన పుట్టింది వర్జీనియాలో, బానిసలు పనిచేసే పెద్ద ఎస్టేట్ బంగళాలో. తండ్రి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు. ఎదురుగా నిలబడ్డ మార్టిన్ వాన్ బ్యూరెన్ ఉన్నాడే, ఆయన తండ్రి ప్రయాణికులు దిగే చిన్న సత్రం నడుపుకునేవాడు. జనం మాత్రం వాన్ బ్యూరెన్‌ని షోకిలా అనుకుని, హారిసన్‌ని మనవాడు అనుకుని గెలిపించారు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే సంగతి ఒకటి ఉంది, ఇది నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1832 మార్చిలో, ఇలినాయ్ రాష్ట్రంలో న్యూ సేలం అనే పల్లె. అక్కడికి వచ్చి ఏడాది కూడా నిండని 23 ఏళ్ళ కుర్రాడు ఒకడు ఒక కొట్లో గుమాస్తాగా పనిచేస్తూ, రాష్ట్ర శాసనసభకి పోటీ చేస్తానని పత్రికలో ప్రకటన వేయించాడు. ఏబ్రహం లింకన్. ఆ వయసుకే ఆయన దగ్గర కష్టాలకి కొదవలేదు. పుట్టింది నిజమైన దుంగల గుడిసెలో, తొమ్మిదేళ్ళకి తల్లి పోయింది, బడిలో గడిపిన రోజులన్నీ కలిపినా ఏడాది నిండదు. నాలాంటి కరపత్రాల మనిషి చేతికి చిక్కి ఉంటే నాలుగు పేజీలు ఏడిపించి వదిలేవాణ్ణి.

మరి ఆ ప్రకటనలో ఏముంది? నది ఉంది. సంగమన్ నది. నీళ్ళు ఎక్కడ ఎంత లోతున్నాయి, ఎక్కడెక్కడ మెలికలు తిరిగింది, కొట్టుకొచ్చిన మానులు ఎక్కడ అడ్డం పడతాయి, సరుకుల పడవలు నడవాలంటే ఏ భాగాన్ని నిటారుగా తవ్వాలి, ఇదే ఎక్కువ భాగం. తర్వాత అధిక వడ్డీల గురించి, చదువు గురించి కొంచెం. ఆ నది గురించి ఆయన ఎవరో చెప్పగా విని రాయలేదు. అంతకుముందు ఏడాది తనే ఒక చేయి వేసి కట్టిన సరుకు పడవని ఆ నది మీదుగా దింపి న్యూ ఆర్లియన్స్ దాకా నడిపినవాడు. న్యూ సేలం దగ్గర పిండిమర ఆనకట్ట మీద ఆ పడవ ఇరుక్కుంటే దాన్ని విడిపించడం చూసే ఊరివాళ్ళు మొదటిసారి ఎవరీ పొడుగాటి కుర్రాడు అనుకున్నారు. తన గురించి చివర్లో రెండు మూడు వాక్యాలు మాత్రమే రాసుకున్నాడు. సామాన్యుల్లో పుట్టాను, అక్కడే ఉన్నాను, నన్ను సిఫారసు చేయడానికి డబ్బున్న చుట్టాలెవరూ లేరు, మీరు వద్దనుకుంటే నిరాశలు నాకు కొత్త కాదు అని. అంతే.

ఓడిపోయాడు. నాలుగు సీట్లకి 13 మంది నిలబడితే ఎనిమిదో స్థానంలో వచ్చాడు. ఇక్కడ ఒక అంకె గుర్తుపెట్టుకోండి. తన పల్లెలో పడిన 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి. జిల్లాలో మిగతావాళ్ళకి ఆయన ఎవరో తెలియదు, రోజూ చూసినవాళ్ళు మాత్రం ఇంచుమించు అందరూ వేశారు. నాకు తెలిసినంతలో అభ్యర్థికి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు.

ఆ తర్వాత రెండేళ్ళు చూడండి. భాగస్వామితో కలిసి కొట్టు పెట్టాడు, అది మునిగింది, నెత్తిన పడిన అప్పు తీర్చడానికి ఏళ్ళు పట్టింది. ఊరి పోస్ట్‌మాస్టర్‌గా చేశాడు. భూములు కొలిచే పని నేర్చుకుని గొలుసు పట్టుకుని పొలాల వెంట తిరిగాడు. ఉత్తరాలు ఇచ్చేవాడికీ పొలాలు కొలిచేవాడికీ ఎవరింట్లో ఏం నడుస్తోందో తెలుస్తుంది కదండీ. 1834లో గెలిచాడు.

ఇంకా ముందుకొస్తే 1860. ఆయన పేరు అధ్యక్ష పదవికి వినబడుతున్న రోజులు. ఇలినాయ్‌లో పార్టీ సభ జరుగుతుంటే, లింకన్ కుర్రతనంలో చీల్చిన కంచె కర్రలు ఇవే అంటూ రెండు కర్రలకి బ్యానర్ కట్టి సభలోకి మోసుకొచ్చారు. సభ హోరెత్తిపోయింది, "కంచె కర్రలు చీల్చినవాడు" అన్న బిరుదు దేశమంతా పాకింది. అప్పటికి ఆయన రైల్వే కంపెనీల తరఫున కూడా వాదించే పేరున్న లాయరు. అబద్ధమా అంటే కాదు, కర్రలు చీల్చిన మాట నిజమే. కానీ 28 ఏళ్ళ కింద నది లోతు చెప్పి ఓటడిగిన మనిషిని ఇప్పుడు రెండు కర్రలుగా చేసి చూపించారు. అంతకు కొన్ని నెలల ముందు, 1859 డిసెంబరులో, మీ జీవిత విశేషాలు రాసివ్వండని స్నేహితుడు అడిగితే, ఇందులో పెద్దగా ఏమీ లేదు, నాలోనే పెద్దగా ఏమీ లేదు కాబట్టి అన్న మాటతో చిన్న కాగితం పంపాడు. కథని పెంచింది చుట్టూ ఉన్నవాళ్ళు.

మన ప్రకాశం పంతులుగారి విషయంలోనూ ఇదే జరిగింది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు తుపాకీకి గుండె చూపిన ఘట్టం ఎవర్నడిగినా చెబుతారు. అది నిజం, గొప్పది. అయితే అంతకు ఎంతో ముందే ఆయన రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారని, తర్వాత బారిస్టరై మద్రాసులో బాగా సంపాదించి, 1921లో స్వరాజ్య పత్రిక పెట్టి ఆ సంపాదన దానిలో పోశారని ఎంతమంది చెబుతారు? గుండె చూపించింది కొన్ని నిమిషాలు. పత్రిక నడపడం ఏళ్ళ పని.

ఇప్పుడు మీకో సందేహం రావాలి. పేదరికంలో పుట్టినవాళ్ళకే ఈ లెక్కా అని. కాదు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆగర్భ శ్రీమంతుడు. 1921లో, 39 ఏళ్ళ వయసులో పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. వేడినీటి ఊటల్లో ఈదితే గుణం కనిపిస్తుందని 1924లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌కి వెళ్ళాడు. తర్వాత ఆ చోటు కొనేసి, తన ఆస్తిలో చాలా భాగం పెట్టి పోలియో రోగుల కోసం కేంద్రం నడిపాడు. అక్కడ ఇంటికి కరెంటు బిల్లు వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని తన సొంతింట్లో కట్టే రేటుకి నాలుగింతలు. ఇదేమిటి, పల్లెటూళ్ళలో కరెంటు ఇంత ఖరీదా అని అప్పుడే తను ఆలోచనలో పడ్డానని, పల్లెలకి కరెంటు ఇచ్చే పథకానికి మూలం ఆ బిల్లేనని 1938లో ఒక సభలో ఆయనే చెప్పాడు. ఆ పథకం సంస్థగా 1935లో మొదలైంది. జబ్బు వల్ల ఆయన గొప్పవాడు కాలేదు, జబ్బు తీసుకెళ్ళిన చోట కళ్ళు తెరిచి చూశాడు, చూసినదాన్ని మర్చిపోలేదు. పైగా చక్రాల కుర్చీలో ఫొటోలు పడకుండా జాగ్రత్తపడేవాడు. ఈ రోజుల్లో అయితే కరపత్రం మొదటి పేజీ మీద ఆ కుర్చీయే ఉండేది.

బ్రెజిల్ నాయకుడు లూలా గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1945లో పేద కుటుంబంలో పుట్టాడు, ఏడేళ్ళప్పుడు తల్లి పిల్లలందర్నీ తీసుకుని సావ్ పావ్లో వైపు వలస వచ్చింది, కుర్రతనంలో కార్ఖానా యంత్రంలో ఎడమచేతి చిటికెన వేలు పోయింది. ఆ వేలు గురించి ప్రపంచమంతా రాసింది. వేలు పోయిన కార్మికులు అక్కడ ఆయనొక్కడేనా? తర్వాత ఏం చేశాడన్నది చూడాలి. అన్నగారు లాక్కొస్తేగాని యూనియన్ వైపు రాలేదు, వచ్చాక 1975 నాటికి లోహ కార్మికుల యూనియన్ అధ్యక్షుడయ్యాడు. 1979 సమ్మెలో ఫుట్‌బాల్ స్టేడియం నిండా కార్మికులు, మైకు లేదు. బల్లల మీద నిలబడి ఒక్కో వాక్యం చెబితే ముందు వరస విని వెనక వరసకి చెప్పింది, వాళ్ళు ఆ వెనకవాళ్ళకి చెప్పారు. అలా చివరి మనిషి దాకా మాట చేరింది. 1980లో సైనిక ప్రభుత్వం 31 రోజులు జైల్లో పెట్టింది, ఆయన లోపల ఉండగానే తల్లి చనిపోయింది. తర్వాత గవర్నర్ పదవికి ఓడాడు, అధ్యక్ష పదవికి 1989, 1994, 1998లో వరసగా ఓడాడు, 2002లో గెలిచాడు. డిగ్రీ లేదని ఎంతోమంది ఎద్దేవా చేశారు, ఇదిగో నా మొదటి పట్టా, దేశాధ్యక్షుడి పట్టా అంటూ ఎన్నిక ధ్రువపత్రం అందుకున్న రోజు కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన మీద అవినీతి కేసులు, శిక్ష, 580 రోజుల జైలు, 2021లో ఆ శిక్షల రద్దు, మళ్ళీ 2022లో గెలుపు. ఇదెందుకు చెబుతున్నానంటే, మధ్యలో ఏళ్ళు ఎంత గట్టివైనా తర్వాతి ఏళ్ళకి అవి పూచీ ఇవ్వవు. పదవిలోకి వెళ్ళాక లెక్క మళ్ళీ మొదటి నుంచి అడగాల్సిందే.

నేను చెప్పదలచుకున్నది అచ్చుగుద్దినట్టు కనిపించేది మాత్రం షిర్లీ చిజమ్ జీవితంలో. 1924లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో పుట్టింది. వలస వచ్చిన కుటుంబం, తండ్రి కార్ఖానా కూలీ, తల్లి బట్టలు కుట్టేది, ఇళ్ళల్లో పనిచేసేది. పిల్లల్ని చూసుకోవడం కష్టమై కొన్నేళ్ళు బార్బడోస్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఇదీ కష్టం. ఇక మధ్య ఏళ్ళు. చదువుకుని పసిపిల్లల బడిలో టీచరైంది, తర్వాత శిశు సంరక్షణ కేంద్రాలు నడిపింది. పిల్లాణ్ణి ఎక్కడ వదలాలో తెలియక పని పోగొట్టుకునే తల్లులు, ఇళ్ళల్లో పనిచేస్తూ యజమాని వద్దనగానే ఆ పూటకి దిక్కులేనివాళ్ళు, ఆవిడకి రోజూ ఎదురుగా కనిపించారు. సాయంత్రాలు స్థానిక పార్టీ క్లబ్బుకి వెళ్ళేది. అక్కడ ఆడవాళ్ళకి ఇచ్చే పనేమిటో తెలుసా, లాటరీ టిక్కెట్లు వేసే చుట్టల డబ్బాలకి రంగులద్దడం. డబ్బు పోగుచేసేది ఆడవాళ్ళు, ఖర్చుపెట్టేది మగవాళ్ళు. మాకూ ఖర్చులకి డబ్బివ్వండి అని అడిగించింది ఈవిడే.

నలభై నిండబోతుండగా, 1964లో, రాష్ట్ర శాసనసభకి ఎన్నికైంది. వెళ్ళి చేసిన మొదటి పెద్ద పనుల్లో ఒకటి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి కూడా నిరుద్యోగ భృతి వర్తించేలా చట్టం తేవడం. ఆ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు విడిగా చెప్పక్కర్లేదు కదా. తల్లి చేసిన పని ఒక కొస, శిశు కేంద్రం గుమ్మంలో నిలబడ్డ తల్లులు ఇంకో కొస. 1968లో అమెరికా పార్లమెంటుకి ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ అయింది, నన్నెవరూ కొనలేరు, నా మీద ఎవరూ పెత్తనం చెయ్యలేరు అన్న నినాదంతో. శిశు సంరక్షణ బిల్లు కోసం పోరాడినవాళ్ళలో ఆవిడ ఒకరు. 1971లో ఉభయ సభలూ ఆమోదించాయి, అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశాడు. ఓడిపోయిన బిల్లు అది. అయినా సరే ఆవిడ జీవితంలో ఒక ఏడాది ఇంకో ఏడాదిని పట్టుకుని ఉంటుంది, ఎక్కడా తెగదు. 1972లో అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు అందరూ "తొలి, తొలి" అని రాశారు. తొలి అన్న మాట నిజమే గానీ ఆ మాట ఆవిడ పనిని కప్పేసింది, నాకు అది నచ్చదు.

కాబట్టి రేపు ఎవరైనా వచ్చి మీ ముందు తన కథ చెబితే, కష్టం విని కరిగిపోవడం తప్పేమీ కాదు, మనుషులం. విన్నాక ఒకటడగండి. ఆ కష్టం తీరాక, పదవి రాకముందు, ఎవరూ చూడని రోజుల్లో మీరు ఎవరి పని చేసిపెట్టారు? పేరు చెప్పమనండి, ఏ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగారో చెప్పమనండి, ఏది సాధించలేకపోయారో చెప్పమనండి. పనిచేసినవాళ్ళు ఈ చివరిదానికి ఆగకుండా చెబుతారు, ఎందుకంటే ఓడిపోయిన పనులే వాళ్ళని నిద్రపోనివ్వవు. పని చెయ్యనివాళ్ళు అక్కడ ఆగి మళ్ళీ చిన్నతనంలోకి వెళ్ళిపోతారు. పద్నాలుగేళ్ళలో నాకు ఇది తప్పిన సందర్భాలు చాలా తక్కువ.

ఆ చివర ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి బాబూ... సరే, అందరికీ వినపడేలా నేను చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూ, రాజకీయం జోలికే పోకుండా ఉండి, అకస్మాత్తుగా నిలబడేవాళ్ళ సంగతేమిటి అంటున్నారు. మంచి ప్రశ్న. తర్వాత జర్మనీ ఛాన్సలర్ అయిన ఏంగెలా మెర్కెల్ 35 ఏళ్ళదాకా శాస్త్రవేత్త, క్వాంటం కెమిస్ట్రీలో డాక్టరేట్. 1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలాక, అప్పుడే పుట్టిన ఒక చిన్న పార్టీ ఆఫీసుకి వెళ్ళి నేనేం చెయ్యనూ అని అడిగింది. అక్కడ కంప్యూటర్లు పెట్టెల్లోంచి తియ్యకుండా పడి ఉన్నాయి, అవి తీసి కలపడం మొదలుపెట్టింది. అందుకని కొత్తవాళ్ళని అయితే, మీ ఉద్యోగంలో ఎలా పనిచేశారు, మొదటి రోజు వెళ్ళి వేదిక ఎక్కారా, చేతిలోకి ఏదైనా పని తీసుకున్నారా అని చూడండి. ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇంకొకరు. చెప్పండమ్మా, లేవక్కర్లేదు, కూర్చునే చెప్పండి... ఈ అమ్మాయి వచ్చే ఎన్నికల్లో తన వార్డు నుంచి నిలబడదామనుకుంటోందట. నాన్నగారు చిన్నప్పుడే పోయారు, దాని గురించి చెప్పడం ఇష్టం లేదు, చెప్పకపోతే ఓట్లు పడవని అందరూ అంటున్నారు, ఏం చెయ్యాలీ అంటోంది. ఆరేళ్ళుగా వీధిలో నీళ్ళ సమస్యలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటోందట, ఎవరింటికి ఎప్పుడు ఆగాయి, ఎవరికి అర్జీ పెట్టింది, ఎప్పుడు వచ్చాయి, రానివి ఏవి.

అమ్మా, మీ నాన్నగారి సంగతి మీది. ఇష్టం లేకపోతే ఎవరికీ చెప్పకండి, ఎవరు అడిగినా సరే. కరపత్రం వేయించే ముందు ఆ నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరండి. రాసినవాటిలో ఇంకా తీరనివి ఎన్ని? పంతొమ్మిదా? అయితే ముందు ఆ పంతొమ్మిది ఇళ్ళకి వెళ్ళండి. మొదటి పేజీలో ఉన్నది ఎవరిల్లు?... సరే, రేపు పొద్దున్న వాళ్ళింటికే మొదట వెళ్ళండి.